నమోదుకు ముందే పోయిన ప్రాణాలు ఎవరి లెక్క? ల్యుకేమియా పరిశోధకులకు అనంతపురం నుంచి బహిరంగ లేఖ

పెద్దవారిలో అక్యూట్ ల్యుకేమియా (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్) చికిత్సపై క్లినికల్ ట్రయల్స్, అంటే రోగుల అంగీకారంతో మందులను పరీక్షించే అధ్యయనాలు, నడిపే వైద్యులకు, ఆ ట్రయల్స్‌ను పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీల సభ్యులకు, వాటికి నిధులిచ్చే సంస్థల అధికారులకు, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ పెద్దలకు,

విషయం: కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల రోగులను పరిశోధన పరిధిలోకి తీసుకురావడం, తొలి వారంలో జరిగే మరణాలను లెక్కలో చేర్చడం, జిల్లా స్థాయిలో మందు అందుబాటులో ఉంచడం గురించి.

అయ్యా, అమ్మా,

మీ శ్రమ వల్లనే ఇవాళ ఈ జబ్బుతో కొందరైనా బతికి బయటపడుతున్నారని తెలిసే ఈ లేఖ రాస్తున్నాను. ఇదే సంగతి మీద నిరుడు ఒక పరిశోధన కేంద్రానికి, ఒక ప్రభుత్వ కార్యాలయానికి విడివిడిగా ఉత్తరాలు పంపాను. అందినట్టు రశీదులు వచ్చాయి గాని జవాబులు రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి, అందరూ చదివేలా రాయవలసి వచ్చింది.

నేను ముప్పై ఏళ్లు ఇంటర్మీడియెట్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. తెల్లకణాల బొమ్మలు బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అయినా ఉరవకొండ దగ్గర శెనక్కాయ పండించుకునే నా బావమరిదికి చిగుళ్ల నుంచి నెత్తురు కారుతున్నదనీ, ఒంటి మీద నల్లటి మచ్చలు లేచాయనీ మా ఆవిడ చెప్పినప్పుడు నాకు ఈ జబ్బు తట్టనే లేదు. అతనికి ముప్పై ఎనిమిదేళ్లు. వానాకాలం, ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు పడిపోయాయి. ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే మా వైపు మొదట వినబడే మాట డెంగీ. ఒక నర్సింగ్ హోంలో నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించారు. ఇంటివాళ్లు బొప్పాయాకు రసం కూడా తాగించారు. ఐదో రోజున మరో ల్యాబులో నెత్తురు చుక్కను గాజుపలక మీద పరిచి చూసిన టెక్నీషియనుకు కణాల ఆకారం మీద అనుమానం వచ్చింది. ఆ రాత్రే బెంగళూరు బయలుదేరాము. అక్కడ చేరిన గంటలోపే అది అక్యూట్ ల్యుకేమియాలో ఒక రకమైన ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా కావచ్చునని చెప్పి, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టారు. ఆ వైద్యులను నేను ఏ మాత్రమూ తప్పుపట్టను. ఒక అధ్యయనానికి ఇతను సరిపోతాడని చెప్పి, చదువుకొమ్మని అంగీకార పత్రం నా చేతికిచ్చారు. నేను రెండో పేజీలో ఉండగానే అతను మెదడులో రక్తస్రావమై పోయాడు. చిగుళ్లలో నెత్తురు కనబడిన మొదటి రోజు నుంచి లెక్కిస్తే అది ఏడో రోజు. ఆ పత్రం మీద సంతకం పడలేదు గనుక ఆ ట్రయల్ లెక్కల్లో అతను లేడు.

నా ఫిర్యాదు మొత్తం ఆ చివరి వాక్యంలోనే ఉన్నది. అది ఎందుకు చిన్న విషయం కాదో మీకు తెలిసిన సంగతులతోనే చెప్పనివ్వండి.

అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా 15వ, 17వ క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్ల పుడుతుంది. అది రక్తం గడ్డకట్టే ఏర్పాటునే చెడగొడుతుంది కాబట్టి ఒకప్పుడు ల్యుకేమియాలన్నిటిలోకీ అతి త్వరగా ప్రాణం తీసేదిగా దీనికి పేరుండేది. చైనాలోని హార్బిన్‌లో 1970లలో ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌ను, అంటే మన పెద్దలు పాషాణమని పిలిచే వస్తువును, శుద్ధిచేసి ఇంజెక్షనుగా ఇచ్చి చూశారు. 1980లలో షాంఘై వైద్యులు విటమిన్-ఎ నుంచి వచ్చే ఆట్రా అనే మందును వాడారు. ఆ రెండింటినీ కలిపి ఇటలీ, జర్మనీ పరిశోధకులు జరిపిన ట్రయల్ ఫలితాలు 2013లో వెలువడ్డాయి: జబ్బు తీవ్రత తక్కువ, మధ్యస్థంగా ఉన్నవారిలో కీమో లేకుండా ఈ రెండు మందులతోనే రెండేళ్ల పాటు జబ్బు తిరగబెట్టకుండా, ఏ ప్రమాదమూ లేకుండా ఉన్నవారు 97 శాతం, ఆట్రాతో పాటు కీమో తీసుకున్నవారిలో 86 శాతం. రెండు మందుల వర్గంలో తొలి దశ చికిత్సలో ఒక్కరూ చనిపోలేదు. ప్రపంచమంతటా చికిత్సను మార్చిన ఫలితమది. అందుకు ఆ వైద్యులకు నమస్కరిస్తున్నాను.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. స్వీడన్ దేశంలో పెద్దవారి అక్యూట్ ల్యుకేమియాకు జాతీయ రిజిస్టరు ఉన్నది. ట్రయల్‌లో చేరినా చేరకపోయినా రోగులందరినీ ఎంచే ఆ రిజిస్టరు నుంచి 2011లో వచ్చిన పరిశోధనలో, ఈ జబ్బు వచ్చిన 105 మందిలో 30 మంది, అంటే 29 శాతం, నెల తిరగకుండానే మరణించారు. ఆ మరణాల మధ్యస్థ వ్యవధి 4 రోజులు, అంటే సగం మంది ఆ లోపే పోయారు. చనిపోయినవారిలో 35 శాతానికి ఆట్రా ఒక్క మోతాదు కూడా అందలేదు. అదే ఏడాది అమెరికా రిజిస్టరు నుంచి వచ్చిన లెక్కలో తొలి మరణాలు 17 శాతం. ఆ రోగులకు అందిన చికిత్స పాత కాలానిదని మీరు చెప్పవచ్చు, ఆ మాట సబబే. కాని ఆట్రాయే అందని మనిషికి ఏ కాలపు చికిత్స అయితేనేమి? ఆసుపత్రి సౌకర్యాలు దండిగా ఉన్న దేశాలలోనే ఇంతమంది నమోదుకు ముందు జారిపోతే, అనంతపురం నుంచి బెంగళూరుకు, కర్నూలు నుంచి హైదరాబాదుకు రెండు వందల కిలోమీటర్లకు పైగా నెత్తురు కక్కుకుంటూ ప్రయాణం చేసేవారిలో ఎందరు జారిపోతున్నారో ఎవరు ఎంచుతున్నారు?

దీనికి మార్గం లేదని అనడానికి వీల్లేదు, ఎందుకంటే మార్గం చూపినవారున్నారు. బ్రెజిల్, మెక్సికో, చిలీ, ఉరుగ్వే దేశాల ఆసుపత్రులు ఒక సమూహంగా ఏర్పడి, ఒకే విధానం పెట్టుకుని, అనుమానం కలగగానే ఆట్రా మొదలుపెట్టి, చేయితిరిగిన నిపుణులతో ఎప్పటికప్పుడు మాట్లాడుకుంటూ నడిపిన అధ్యయనం 2013లో అచ్చయింది. అంతకుముందు బ్రెజిల్‌లో 32 శాతంగా ఉన్న తొలి మరణాలు దాని వల్ల 15 శాతానికి దిగాయి. వాళ్లు కొత్త మందేమీ కనిపెట్టలేదు. అమెరికాలో కూడా చిన్న ఊళ్ల ఆసుపత్రుల వైద్యులకు రెండు పుటల సులువైన సూచనలిచ్చి, ఇరవై నాలుగు గంటలూ నిపుణుడిని ఫోనులో అందుబాటులో ఉంచే పద్ధతినే ఒక ట్రయల్‌గా నడిపారు. తొలి నెల మరణాలు నాలుగు శాతం లోపే ఉన్నాయి.

మన దేశం సంగతికొస్తే, వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వైద్యులు ఖర్చు భరించలేని రోగులను దృష్టిలో పెట్టుకుని ఆర్సెనిక్ ఒక్కటే ఇచ్చి చూసి, 72 మంది రోగుల ఫలితాలను 2006లో ప్రకటించారు. 86 శాతం మందిలో జబ్బు పూర్తిగా అణిగింది. మన రోగి స్తోమతలో నుంచి ప్రశ్న పుడితే పరిశోధన ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. కడప, చిత్తూరు వాళ్లకు వెల్లూరు కొత్త ఊరేమీ కాదు; తరతరాలుగా పెద్ద జబ్బు చేస్తే పోయే ఊరు. అంతటి అనుభవం పొరుగునే ఉండగా మా జిల్లా ఆసుపత్రులకు ఆ దారి ఎందుకు పడలేదన్నదే నా బాధ.

జనం భయం గురించి కూడా ఒక మాట చెప్పాలి. "ట్రయల్ అంటే ప్రయోగం, ప్రయోగమంటే మన మీద మందు పోసి చూడటం" అనే మాట ఊళ్లలో ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలా పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకున్నారు. 2010లో ఆ కార్యక్రమం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలలో పరిహారం, ఉచిత వైద్యం, ఎథిక్స్ కమిటీ బాధ్యతలు స్పష్టంగా ఉన్నాయి. కాని అడగకుండా జనం మీద పరిశోధన చేయడం ఎంత అన్యాయమో, పరిశోధన వల్ల కలిగే మేలుకు ఒక ప్రాంతాన్నంతటినీ దూరంగా ఉంచడం కూడా అంతే అన్యాయం. మొదటిదాని మీద కమిటీలు కూర్చున్నాయి, రెండోదాన్ని పట్టించుకున్నవారు లేరు.

ఈ దూరం వల్ల మామూలు కుటుంబాలకు జరుగుతున్నది ఇది:

1. ట్రయల్‌లో మొదటి రోజు అంటే సంతకమైన రోజు. రోగికి మొదటి రోజు అంటే చిగుళ్లలో నెత్తురు కనబడిన రోజు. ఈ రెండింటి మధ్య పల్లె నుంచి తాలూకా ఊరికి, అక్కడి నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి పక్క రాష్ట్రానికి జరిగే ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ ఒక రోజు పోతుంది. దారిలో నిలదొక్కుకున్నవాళ్లే మీ దగ్గరికి చేరుతారు. అందుచేత మీ ఫలితాలు నిలదొక్కుకున్నవాళ్ల ఫలితాలు.

2. బతికినవారి సంగతి. 2013 ట్రయల్ విధానం ప్రకారం జబ్బు అణిగాక ఆర్సెనిక్‌ను వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు వారాలు ఎక్కించి, నాలుగు వారాలు విరామమిచ్చి, అలా నాలుగు విడతలు చేయాలి. అంటే ఏడు నెలల కాలంలో 80 రోజులు ఆసుపత్రికి పోవాలి. ఎక్కించడానికి పట్టేది సుమారు రెండు గంటలు. ఆ రెండు గంటల కోసం ధర్మవరంలో మగ్గం మీద కూర్చునే మనిషి నగరంలో గది అద్దెకు తీసుకోవాలి, తోడుగా ఇంకొకరు పని మానుకోవాలి. చికిత్స ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం భరించినా ఆ అద్దె, ఆ కూలి ఎవరూ భరించరు. రెండో విడత దాటగానే "ఒళ్లు బాగానే ఉంది కదా" అని తిరిగొచ్చేసినవారిని నేను ఎరుగుదును. ఆ 80 రోజుల్లో కావలసినది ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం పరీక్షలు, చూసుకునే వైద్యుడు, నర్సు. ఇవేవీ జిల్లా ఆసుపత్రికి అసాధ్యమైనవి కావు. నోటి ద్వారా ఇచ్చే ఆర్సెనిక్ మందు ఇంజెక్షనుకు తీసిపోదని చైనా ట్రయల్ 2013లోనే తేల్చింది; అది ఇక్కడికి వస్తే ఆ ప్రయాణమే తప్పుతుంది.

3. ప్రోమైలోసైటిక్ రకం అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాలో ఒక భాగమే; అందులోని మిగతా రకాల పరిస్థితి ఇంకా కష్టం. సైటరబిన్ అనే కీమో మందు ఏడు రోజులు, డౌనోరూబిసిన్ అనే కీమో మందు మూడు రోజులు ఇచ్చే పద్ధతి 1973 నాటిది. నేటికీ పునాది అదే. వెల్లూరు నుంచి 2015లో వచ్చిన పరిశోధన ప్రకారం అక్కడికి వచ్చిన కొత్త రోగులలో ప్రామాణిక చికిత్స తీసుకోగలిగినవారు మూడింట ఒక వంతు కూడా లేరు. ముఖ్య కారణం డబ్బు. అక్కడి రోగుల మధ్యస్థ వయసు 40 ఏళ్లు, అంటే ఇంటికి సంపాదించి పెట్టే వయసు. ఇక గట్టి కీమో తట్టుకోలేనివారికి అజాసిటిడిన్ అనే ఇంజెక్షనుతో వెనెటోక్లాక్స్ అనే మాత్ర కలిపి ఇవ్వవచ్చునని 2020లో చూపిన ట్రయల్‌లో 431 మంది ఉన్నారు. మధ్యస్థ ఆయుష్షు 9.6 నెలల నుంచి 14.7 నెలలకు పెరిగింది. కాని వారి మధ్యస్థ వయసు 76 ఏళ్లు. ఆ ఫలితాన్ని ఇక్కడ డబ్బు లేకనో, మందులకు లొంగని క్లెబ్సియెల్లా వంటి సూక్ష్మజీవుల భయంతోనో గట్టి కీమో వద్దనుకున్న నలభై ఏళ్ల రైతుకు ఎంతవరకు అన్వయించాలి? కొన్ని రకాల ఫంగస్ మందులతో కలిపి ఇచ్చినప్పుడు వెనెటోక్లాక్స్ మోతాదు 400 మిల్లీగ్రాముల నుంచి 100కో, అంతకన్నా కిందికో తగ్గించాలని మందు సూచనల్లోనే ఉన్నది. ఆ తగ్గింపుతో ఖర్చెంత తగ్గుతుంది, ఫలితమెంత నిలుస్తుంది అనేది మాకు కావలసిన ప్రశ్న.

4. అక్యూట్ ల్యుకేమియాలోని మరో రకమైన లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో, కీమో తరువాత పరీక్షలో జబ్బు ఆనవాలు కనబడనివారికి కీమోతో పాటు బ్లినాటుమోమాబ్ అనే మందు చేర్చితే మూడేళ్లు బతికినవారు 68 నుంచి 85 శాతానికి పెరిగారని 2024లో అచ్చయింది. ఇరవై ఎనిమిది రోజులు ఆగకుండా ఎక్కించే ఆ మందు ధర విన్న తరువాత మా వాళ్లు ఇంకేమీ అడగరు.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని మేము, అంటే నేనూ, ఇదే దారిలో నడిచిన మరికొన్ని కుటుంబాల వాళ్లమూ, అడుగుతున్నవి:

1. ఈ జబ్బుపై ఇకముందు జరిగే ప్రతి ట్రయల్‌లోనూ అనుమానం కలిగిన రోజు నుంచి ప్రతి రోగినీ ఒక పట్టికలో రాయాలి. చేరనివారు ఎందరు, అందులో చేరకముందే చనిపోయినవారెందరు, దూరం వల్ల లేక డబ్బు వల్ల కాదన్నవారెందరు అనేది ఫలితాలతో పాటు అచ్చువేయాలి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు. ఒక దస్త్రం, రాసే ఓపిక చాలు.

2. కర్నూలు, కడప, అనంతపురం ప్రభుత్వ బోధనాసుపత్రుల అత్యవసర విభాగాలలో ఆట్రా క్యాప్సూళ్లు ఎప్పుడూ నిల్వ ఉంచాలి. అది జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందే. చదరపు మీటరు శరీర వైశాల్యానికి రోజుకు 45 మిల్లీగ్రాములు చొప్పున మామూలు మనిషికి పది మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు రోజుకు ఏడో ఎనిమిదో అవుతాయి. పెద్ద ఆసుపత్రికి చేరేలోపు మూడు రోజులకు పాతిక క్యాప్సూళ్లు. జన్యుపరీక్ష ఫలితం కోసం ఆగకుండా మొదలుపెట్టే అధికారం అక్కడి డ్యూటీ వైద్యుడికి రాతపూర్వకంగా ఉండాలి. దానితో పాటు ప్లేట్‌లెట్లను ముప్పై నుంచి యాభై వేలకు పైన నిలపడానికి రక్తనిధితో ముందే ఏర్పాటు ఉండాలి.

3. ఆ డ్యూటీ వైద్యుడు రాత్రి రెండింటికైనా ఫోను చేసి అడగడానికి ఒక నిపుణుల వంతు పట్టిక ఉండాలి. ఆట్రా మొదలైన తరువాత జ్వరం, ఆయాసం వస్తే అది మందు వల్ల వచ్చే ఉపద్రవం కావచ్చునని, వెంటనే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాలని చెప్పేవారు లేకపోతే నిల్వ ఉంచిన మందే ప్రమాదమవుతుంది. ఈ ఏర్పాటును కూడా ఒక అధ్యయనంగానే నడిపి, మంచిచెడ్డలు లెక్కగట్టండి.

4. మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. కర్నూలుది 1957 నాటిది. 2019 నియమాల ప్రకారం సొంత ఎథిక్స్ కమిటీ లేని చోట అదే నగరంలోని లేదా 50 కిలోమీటర్ల లోపలి కమిటీ అనుమతితో ట్రయల్ నడపవచ్చు. వీటిని పెద్ద కేంద్రాలకు అనుబంధ కేంద్రాలుగా చేర్చుకుని, కనీసం ఆర్సెనిక్ విడతలు, రక్తపరీక్షలు, మధ్య మధ్య పరీక్షలకు రావడం ఇక్కడే జరిగేలా చూడాలి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని మొట్టమొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పథకాన్ని పరీక్షించి చూడటానికి దగ్గరైన జిల్లా చికిత్సను పరీక్షించి చూడటానికి దూరమెందుకైంది?

5. రానుపోను ఛార్జీలు, రోగికీ తోడు వచ్చినవారికీ పోయిన కూలి ట్రయల్ బడ్జెట్టులోనే ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు దీన్ని అనుమతిస్తున్నాయి కాబట్టి ఇది దయ కింద వద్దు, పద్దు కింద కావాలి.

6. అంగీకార పత్రం తెలుగులో ఉంటే సరిపోదు, తెలుగుగా ఉండాలి. నా చేతికిచ్చిన పత్రంలో "యాదృచ్ఛికీకరణ" అనే మాట ఉన్నది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకే అది రెండుసార్లు చదివితే గాని అర్థం కాలేదు. "చీటీ వేసి తీసినట్టు, ఏ మందు ఎవరికన్నది వైద్యుడు కూడా ఎంచుకోడు" అని రాస్తే మా పల్లెలో చదువురాని అవ్వకైనా తెలుస్తుంది. పత్రాన్ని ఖరారు చేసే ముందు ఈ ప్రాంతపు రోగులకో, వారి బంధువులకో చదివి వినిపించాలి. వారు అడ్డు తగిలిన చోట మార్చాలి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ప్రతి ట్రయల్‌కూ నాలుగు వాక్యాల తెలుగు సారాంశం కూడా ఉండాలి.

7. తరువాతి నిధుల విడతలో పైన చెప్పిన ప్రశ్నలకు, అంటే వెనెటోక్లాక్స్ తగ్గింపు మోతాదుకు, నోటి ఆర్సెనిక్‌కు, తొలి నెల ఇన్‌ఫెక్షన్ల నివారణకు చోటివ్వాలి.

వీటిలో కొన్నింటికి ఏళ్లు పడతాయని నాకు తెలుసు. రెండో కోరికకు మాత్రం ఏళ్లు అక్కర్లేదు. అరవై రోజులు చూసి, సమాచార హక్కు చట్టం కింద మూడు ఆసుపత్రుల మందుల నిల్వ పట్టికలు అడుగుతాము. ఆ తరువాత ప్రతి మూడు నెలలకూ అడుగుతూనే ఉంటాము. పొడుగైన జవాబు నాకు అక్కర్లేదు. ఏ ఆసుపత్రిలో, ఏ తేదీ నుంచి, ఎన్ని క్యాప్సూళ్లు అన్నది రాసి పంపితే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
అనంతపురం